పదకొండేళ్ళ ఫిల్ములు

“ఇక్కడి ఫిల్ములు మా పనికి సరిపోవేమోనండీ,” అంది డాక్టర్ హైమవతి, జీపు దిగి పది నిమిషాలైనా కాకముందే.

ఆమె ఆ మాట అన్నది సూపరింటెండెంటు నరహరి గారితో. తగిలింది మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ ఎక్స్‌రే టెక్నీషియన్ రెబ్కాకి.

అది 2003 ఫిబ్రవరి. మేడిమిట్ట చుట్టుపక్కల పొలాల్లో మిరపకాయ కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. రోడ్డు మీద చీమకుర్తి క్వారీల నుంచి గదంత గ్రానైటు దిమ్మెలు మోసుకుంటూ లారీలు బారులు తీరి పోతున్నాయి. ఆ రోడ్డు పక్కనే ముప్ఫై పడకల ప్రభుత్వ ఆసుపత్రి. హైదరాబాదులోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచి హైమవతి అక్కడికి వచ్చింది. రాళ్ళలో డ్రిల్లింగ్ చేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము ఏం చేస్తోందో తేల్చాలన్నది ఆమె పని. అందుకోసం రెండు వందల నలభై మంది క్వారీ కూలీలకీ, పోల్చి చూడ్డానికి అవే ఊళ్ళలో దుమ్ము పని చెయ్యని అరవై మందికీ ఛాతీ ఎక్స్‌రేలు తియ్యాలి. ప్రతి ఫిల్మునీ ముగ్గురు డాక్టర్లు, ఒకరేమన్నారో మరొకరికి తెలియకుండా చదవాలి.

“పల్లెటూరి ఆసుపత్రి ఫిల్ములు చాలా చూశాను. నల్లగా మాడిపోయి ఉంటాయి, లేకపోతే పాలిపోయి ఉంటాయి. ఈ జబ్బు మచ్చలు ఆవగింజంత ఉంటాయండీ. ఫిల్ము మాడితే ఉన్న మచ్చ కనపడదు, పాలిపోతే లేని మచ్చ కనపడుతుంది. అందరినీ గుంటూరు తీసుకెళ్ళడమే మేలేమో.”

నరహరి గారు బల్ల మీది పేపర్‌వెయిటు వైపు చూస్తూ ఉండిపోయారు. రెబ్కా మాత్రం ఆమె కళ్ళలోకే చూసింది.

“పరీక్ష పెట్టండి మేడం. పది ఫిల్ములు తీసిస్తాను. మీరు తెచ్చుకున్న మచ్చు ఫిల్ముల పక్కన పెట్టి చూడండి. బాగాలేకపోతే మీ వాళ్ళని నేనే దగ్గరుండి గుంటూరు బస్సెక్కిస్తాను.”

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. వంట బాగా వచ్చినావిడ ‘కూచోండి, వడ్డిస్తాను’ అన్నట్టు ఉంది.

రెబ్కాకి అప్పటికి నలభై మూడేళ్ళు. తండ్రి యేసుపాదం ప్రత్తిపాడు దగ్గర మిరపతోటల్లో కూలి. మిషన్ స్కూల్లో చదివి, గుంటూరులో ఎక్స్‌రే పని నేర్చుకుని, 1992లో మేడిమిట్ట వచ్చి చేరింది. అప్పటికే మిషను పాతది. ‘దీంతో ఏం పనవుతుంది’ అని గొణుక్కుంటూ ఆమె ముందున్న ఇద్దరు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. రెబ్కా గొణగలేదు. ఏ మనిషికి ఎంత పవరు పెట్టింది, ఫిల్ము ఎలా వచ్చింది అన్నది మొదటి ఏడాదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. రెండో ఏడు వచ్చేసరికి ఆ మిషను ఆమె మాట వినడం మొదలుపెట్టింది.

హైమవతి ఒప్పుకుంది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా పదిమంది కూలీలు వరండాలో కూచున్నారు. పదయింది, పదకొండయింది. రెబ్కా ఒక్క ఫిల్మూ తియ్యలేదు. హైమవతి రెండుసార్లు గడియారం చూసుకుంది.

“ఏమిటండీ ఆలస్యం?”

“కరెంటు కోసం మేడం.”

“ఉందిగా!”

“ఉంది కానీ నిలకడగా లేదు. రోడ్డుకవతల రాళ్ళు కోసే యూనిట్లు పదిహేడున్నాయి. ఆ రంపాలు తిరుగుతున్నంతసేపూ ఓల్టేజి ఎగురుతా పడతా ఉంటది. పన్నెండున్నరకి వాళ్ళు అన్నాలకి ఆపుతారు. అప్పట్నుంచి గంటసేపు కరెంటు గీత గీసినట్టుంటది. చేతులు విరిగినవాళ్ళకి, కాళ్ళు విరిగినవాళ్ళకి ఎప్పుడైనా తీస్తాను. ఛాతీ ఫిల్ము మాత్రం ఆ గంటలోనే.”

పన్నెండున్నరకి రంపాల రొద ఆగింది. రెబ్కా చీరకొంగు నడుముకి దోపి లేచింది. మనిషిని పలకకి ఆనించి నిలబెట్టడం, గడ్డం పైకెత్తించడం, చేతులు నడుముకి పెట్టించి భుజాలు ముందుకి వంచడం, ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోతోంది. అసలు కష్టం ఊపిరి దగ్గర. రాతిదుమ్ము పట్టిన ఛాతీ నిండా గాలి పీలిస్తే దగ్గు తన్నుకొస్తుంది, దగ్గితే ఫిల్ము అలుక్కుపోతుంది. అందుకని ఆమె ముందు రెండుసార్లు నెమ్మదిగా పీల్చి వదలమనేది. మూడోసారి “ఆఁ... అట్టాగే ఉంచు!” అనేది. ఒరిస్సా వాడికి వాడి మాటలో, రాజస్థాన్ వాడికి వాడి మాటలో చెప్పింది. ఆ ముక్కలు కూలీల దగ్గరే నేర్చుకుంది. ఊపిరి బిగపట్టమనడం ఆమెకి తెలుగు కాక ఐదు భాషల్లో వచ్చు. ఆ భాషల్లో మరో మాట రాదు.

డార్క్‌రూమ్‌లో ఫిల్ములు కడిగేది బుడాన్. యాభై దాటిన మనిషి, మందునీళ్ళలో నానీ నానీ గోళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. ఆ పది ఫిల్ములూ ఆరబెట్టి, తెచ్చి హైమవతి ముందు పెట్టాడు.

హైమవతి ఒక్కొక్క ఫిల్మునీ లైటుపెట్టెకి తగిలించి, పక్కన తన మచ్చు ఫిల్ము పెట్టి, వంగి చూసింది. పదోది చూసేసరికి అరగంట పట్టింది. నిటారుగా నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“రెబ్కా గారూ, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుంటూరు వద్దు. మూడు వందలూ ఇక్కడే తీద్దాం.”

“అట్టాగే మేడం,” అంది రెబ్కా. బుడాన్ వైపు తిరిగి, “డెవలపర్ మందు కొత్తది కలుపు బుడానన్నా, ఇక మనకి తీరికుండదు,” అంది.

తీరికుండదని ఆమె అనుకుంది కానీ, మరుసటి వారం నలభై మంది రావలసిన రోజున ముగ్గురే వచ్చారు. ఆ తర్వాతి రోజు ఒక్కడూ రాలేదు.

కారణం బుడాన్ చెప్పాడు. క్వారీల్లో పుకారు పుట్టింది. ఫిల్ములో మచ్చ కనపడితే పేరు మేస్త్రీకి వెళ్తుందట, మర్నాటి నుంచి పనిలోకి రానివ్వరట. ఇంకొకడెవడో అయితే ఆ మిషనే రోగం అంటిస్తుందన్నాడట.

“అడిగి వద్దాం పద,” అంది రెబ్కా. ఆదివారం ప్రార్థన ముగిశాక, చేతిలో బైబిలు సంచీతోనే బుడాన్ సైకిలు వెనక కూచుని క్వారీ కాలనీకి వెళ్ళింది.

రేకుల కప్పులు, రాతిముక్కల గోడలు. చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, కోళ్ళ రెక్కల మీద బూడిదరంగు పొడి. మొదటి వరసలో ఒక ఇంటి ముందు మంచం మీద యలమందయ్య కూచుని ఉన్నాడు. వయసు ముప్ఫై ఎనిమిది, చూపులకి యాభై. పదిహేనేళ్ళు డ్రిల్లు పట్టిన చేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఛాతీయే లోపలికి పోయింది. రెండుసార్లు టీబీ మందులు పూర్తిగా వాడాడు, అయినా దగ్గు తగ్గలేదు. ఈసారి సూదులతో కలిపి ఇంకా పెద్ద కోర్సు మొదలుపెట్టాలని ఆసుపత్రిలో చీటీ రాసిచ్చారు.

రెబ్కాకి జవాబిచ్చింది అతను కాదు, అతని భార్య కోటేశ్వరి. మిరపకాయల తొడిమలు తీస్తున్నదల్లా చేతులు దులుపుకుని లేచింది.

“ఏందమ్మా, మళ్ళీ ఫొటోనా? ఇన్నేళ్ళనుంచీ తీస్తానే ఉండారుగా. తీసి మీరు కాయితాల్లో రాసుకుంటారు. మాకేం చెప్తారు?”

“పేరు బయటికి పోదు కోటేశ్వరీ. ఫిల్ము మీద నంబరే ఉంటది. ఏ నంబరు ఎవరిదో డాక్టరమ్మ బీరువాలో తప్ప ఇంకెక్కడా...”

“పేరు సంగతి నేనడిగానా? ఈయనకి ఏం జబ్బో ఈయనకి చెప్తారా, చెప్పరా? అది చెప్పు.”

చుట్టూ మూగిన ఆడవాళ్ళందరూ రెబ్కా మొహంలోకే చూస్తున్నారు. హైమవతి తెచ్చిన కాగితాల్లో ఉన్నది వేరు: ఏడాదిన్నర తర్వాత నివేదిక వస్తుంది, అందులో వందకి ఇంతమంది అని ఉంటుంది. ఎవరి సంగతి వాళ్ళకి చెప్పాలని ఎక్కడా రాసిలేదు.

“ఇప్పుడు చెప్పలేను,” అంది రెబ్కా. “నాకు అబద్ధమాడ్డం ఇష్టం లేదు. రేపు అడుగుతాను. ఎవరిది వాళ్ళకి చెప్తామంటేనే మళ్ళీ మీ గడప తొక్కుతాను. కాదంటే రాను, మిమ్మల్నీ రమ్మనను.”

సోమవారం పొద్దున్నే హైమవతి ముందు కూచుని ఈ మాటే చెప్పింది.

“అలా కుదరదండీ,” అంది హైమవతి. “ముగ్గురూ చదవడం పూర్తికాకుండా బయటికి చెబితే ఫలితాలు పాడవుతాయి. పరిశోధనకంటూ ఒక పద్ధతి ఉంటుంది కదా.”

“పద్ధతి ఉండాల్సిందే మేడం. ముగ్గురూ చదివాకే చెబుదాం. ఆలస్యమైనా పర్లేదు. కానీ చెప్పాలి. మనిషి చొక్కా విప్పి మన ముందు నిలబడి, ఊపిరి బిగపట్టమంటే బిగపడుతున్నాడు. లోపలేం కనిపించిందో వాడికి చెప్పకుండా హైదరాబాదులో పదిమందికి చెబితే అది న్యాయమేనా?”

హైమవతి పెన్ను మూత తిప్పింది. ఆమెకి ఎదురు మాట అలవాటు లేదని కాదు. అది ఎక్స్‌రే గది నుంచి వస్తుందని అనుకోలేదు.

“ముగ్గురూ చదివాక రెండు నెలల్లోగా,” అంది చివరికి. “నేనే వచ్చి కూచుని ఒక్కొక్కరికీ చెప్తాను. సరేనా?”

“మీ సంతకంతో కాయితం ఇవ్వండి మేడం. కాలనీలో చదివి వినిపిస్తాను.”

హైమవతికి నవ్వొచ్చింది. కాగితం తీసి రాసి, సంతకం పెట్టింది.

ఆ కాగితం కాలనీలో చదివిన మర్నాడు మొట్టమొదట వచ్చినది యలమందయ్య కాదు, కోటేశ్వరి. మొగుణ్ణి రెక్కపట్టుకుని తీసుకొచ్చింది. వెనక పన్నెండు మంది ఆడవాళ్ళు, వాళ్ళ వెనక వాళ్ళ మగవాళ్ళు. ఆ వేసవంతా పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఎక్స్‌రే గదిలో నిలబడ్డానికి చోటు లేదు. దుమ్ము పని చెయ్యని అరవై మందిని కూడా రెబ్కాయే పోగుచేసింది. వాళ్ళు మిరపతోట రైతులు, పత్తి కూలీలు, ఒక పోస్టుమాను, ఇద్దరు బడిపంతుళ్ళు. మే నెలాఖరుకి మూడు వందల ఫిల్ములూ తయారయ్యాయి. చెడిపోయి మళ్ళీ తియ్యవలసి వచ్చినవి ఏడే.

ఫిల్ములు హైదరాబాదు వెళ్ళాయి. జులైలో హైమవతి మళ్ళీ వచ్చింది. ఈసారి జీపు దిగుతుంటేనే ఆమె మొహంలో తేడా కనిపించింది.

“ముగ్గురిలో ఒకరు అడ్డం తిరిగారు,” అంది ఎక్స్‌రే గదిలో స్టూలు మీద కూలబడుతూ. “చాలా పెద్దాయన. ఆయన మాటకి విలువెక్కువ. ఇవన్నీ పాత టీబీ మచ్చలే, ఆ ప్రాంతంలో టీబీ ఎక్కువ, ఇందులో కొత్తేముంది అంటున్నారు. మిగతా ఇద్దరం రాతిదుమ్ము జబ్బు, సిలికోసిస్, అంటున్నాం. ఒక్క ఫిల్ము చూసి ఎవరూ తేల్చి చెప్పలేరు. అదే మనిషి ఫిల్ము ఐదేళ్ళ కిందటిది ఉంటే, మచ్చ ఎప్పుడు పుట్టింది, ఎలా పెరిగింది చూసి చెప్పొచ్చు. ఎక్కడి నుంచి తెస్తాం?”

రెబ్కా బీరువా సొరుగులోంచి ఒక తాళంచెవి తీసింది.

“రండి మేడం.”

పాత కాన్పుల వార్డు వెనక ఒక గది ఉంది. తలుపు తెరవగానే మందునీళ్ళ పాతవాసన గుప్పుమంది. లోపల మూడు గోడలకీ చెక్క అరలు, అరల నిండా గోధుమరంగు కవర్లు. ఒక్కో కవరు మీద రెబ్కా గుండ్రటి చేతిరాత. పేరు, ఊరు, ఏ క్వారీ, ఏం పని, ఎన్నేళ్ళ నుంచి.

“ఇవేమిటి?” అంది హైమవతి.

“నేనొచ్చినప్పటి నుంచి తీసిన క్వారీ వాళ్ళ ఛాతీ ఫిల్ములు. నాలుగు వందల పైచిలుకు ఉంటాయి. పాత ఫిల్ముల్లో వెండి ఉంటదని ఐదేళ్ళు దాటినవి వేలానికి పంపించాలి. మిగతావన్నీ పంపించాను. వీటికి మాత్రం నరహరి గారికి ముందున్న సూపరింటెండెంటు గారిని అడిగి, నేర్చుకునేవాళ్ళకి పనికొస్తాయని రాయించి, సంతకం చేయించుకున్నాను.”

“ఎందుకు ఉంచారు?”

రెబ్కా కొంచెంసేపు తటపటాయించింది. ఎప్పుడూ తటపటాయించని మనిషి.

“తొంభై ఆరులో కనిపెట్టాను మేడం. డ్రిల్లు పట్టేవాళ్ళందరికీ ఒకే రకం మచ్చలు. రెండు పక్కలా, పై భాగంలో, ఆవాలు చల్లినట్టు. టీబీ ఇట్టా సమానంగా రాదుగదా అనిపించింది. అప్పుడున్న డాక్టరు గారితో అన్నాను. తియ్యడం వరకే నీ పని, చదవడం మా పని అన్నారు. రెండోసారి అనలేదు. అనాల్సింది. అనలేకపోయాను కాబట్టి దాచాను. ఎప్పుడో ఒకప్పుడు చదవగలిగినవాళ్ళు వస్తారనుకున్నా.”

హైమవతి ఒక కవరు తీసి, దాని మీద రాత చదివి, మళ్ళీ అక్కడే పెట్టింది. తర్వాత మొదట అడిగిన మాట ఇది:

“వీటిని వాడుకోవాలంటే వాళ్ళ అనుమతి మళ్ళీ తీసుకోవాలి. అడగగలరా?”

“ఈ ఆదివారమే అడుగుతాను.”

కొత్త జాబితాలో ఉన్న రెండు వందల నలభై మందిలో యాభై ఎనిమిది మందికి పాత ఫిల్ములు దొరికాయి. యాభై ఎనిమిది మందీ ఒప్పుకున్నారు. యలమందయ్యవి రెండున్నాయి. రెబ్కా వాటిని కొత్తదానితో కలిపి లైటుపెట్టెకి తగిలించింది.

తొంభై ఐదు నాటి ఫిల్ము తుడిచిన పలకలా ఉంది. చెయ్యి బెణికిందని, ఛాతీ నొప్పి కూడా ఉందని వచ్చినప్పుడు తీసింది. తొంభై తొమ్మిది నాటి దాంట్లో పైన రెండు వైపులా ఆవగింజల్లాంటి చుక్కలు. టీబీ మందులు మొదలుపెట్టింది అప్పుడే. మూడోది కొత్తది. రెండు కోర్సుల మందులు మింగాక కూడా చుక్కలు చెక్కుచెదరలేదు సరికదా, పెసరగింజలంతై కిందికి దిగాయి. మూడుసార్లు కళ్ళె పరీక్ష చేశారు. మూడుసార్లూ టీబీ క్రిమి కనపడలేదు.

“నాలుగేళ్ళు,” అంది రెబ్కా, మధ్య ఫిల్ము మీద వేలు పెట్టి. “ఆ రోజు నేను గట్టిగా మాట్లాడి ఉంటే, నాలుగేళ్ళ కిందటే ఈయన డ్రిల్లు వదిలేసేవాడు.”

హైమవతి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “మీరు దాచకపోతే ఇప్పుడు కూడా తెలిసేది కాదు. ఈ యాభై ఎనిమిది మందివీ రేపే హైదరాబాదు తీసుకెళ్తాను.”

ఆ పెద్ద డాక్టరు ఫిల్ములు రెండు రోజులు తన దగ్గర ఉంచుకున్నాడట. మూడో రోజు తన పాత అభిప్రాయాన్ని తన చేత్తోనే కొట్టేసి, కొత్తది రాసి పంపాడు. కింద ఒక వాక్యం చేర్చాడు: ఈ ఫిల్ములు తీసినవారు ఎవరో, వారిని నేను చూడాలనుకుంటున్నాను.

ఆగస్టులో హైమవతి మాట నిలబెట్టుకుంది. వారం రోజులు వరండా చివర గదిలో కూచుని ఒక్కొక్కరినీ పిలిచి చెప్పింది. పక్కన రెబ్కా ఉంది. యలమందయ్య వంతు వచ్చినప్పుడు కోటేశ్వరి కూడా లోపలికి వచ్చి, నిలబడే వింది.

“నీకు టీబీ కాదు యలమందయ్యా,” అంది హైమవతి. “రాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆ సూదుల కోర్సు నీకు అక్కర్లేదు, ఆపించేశాను. అయితే ఈ జబ్బున్నవాళ్ళకి టీబీ తొందరగా అంటుకుంటుంది. అందుకని మూడు నెలలకోసారి వచ్చి కళ్ళె పరీక్ష చేయించుకోవాలి.”

“దీనికి మందేందమ్మా?” అంది కోటేశ్వరి.

హైమవతి రెబ్కా వైపు చూసింది. ఆ చూపు అర్థమై రెబ్కాయే చెప్పింది.

“పట్టింది పోగొట్టే మందు లేదు కోటేశ్వరీ. ఇంకా పట్టకుండా చూసుకోవడమే. డ్రిల్లు వదిలెయ్యాలి. ఈ రోజు నుంచే.”

కోటేశ్వరి ఏడవలేదు. మొగుడి వైపు తిరిగి, “విన్నావుగా. ఇంక ఆ పనికి పోయినావంటే చూడు,” అంది. బయటికి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. “ఇన్నాళ్ళకి జబ్బు పేరు తెలిసింది. తెలియకుండా మందులు మింగడం కంటే ఇదే నయం అక్కా,” అంది. అంతకు ముందు ఆమె రెబ్కాని ఎప్పుడూ అక్కా అని పిలవలేదు.

నవంబరులో ఒంగోలులో జిల్లా అధికారుల సమావేశం పెట్టారు. ఆరోగ్య శాఖ వాళ్ళు, కార్మిక శాఖ వాళ్ళు, క్వారీ యజమానులు వచ్చారు. హైమవతి లెక్కలన్నీ చెప్పింది. పదేళ్ళకి మించి డ్రిల్లు పట్టినవాళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరికి జబ్బుంది. చెప్పడం పూర్తయ్యాక తెల్ల చొక్కా వేసుకున్న ఒక యజమాని లేచాడు.

“డాక్టరు గారూ, మావాళ్ళు మామూలు మనుషులు కాదండీ. రోజుకి రెండు కట్టల బీడీలు తాగుతారు. ఆ పొగకి రాదా మచ్చ? అన్నీ తెచ్చి మా రాయి నెత్తిన రుద్దితే ఎట్టా?”

హాల్లో నవ్వులు వినిపించాయి. హైమవతి నోరు తెరిచేలోపే వెనక వరసలో కూచున్న రెబ్కా లేచింది. అంత పెద్ద సమావేశంలో ఆమె మాట్లాడాలని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకుని రాలేదు. నేరుగా నడిచి వెళ్ళి, హైమవతి తెచ్చిన కట్టలోంచి రెండు ఫిల్ములు ఏరి, లైటుపెట్టె మీద పక్కపక్కన తగిలించింది.

“నమస్కారమండీ. ఇవి తీసినదాన్ని నేనే. ఎడమపక్క మనిషిది మిరపతోట సాగు. వయసు నలభై. పద్దెనిమిదో ఏట నుంచి రోజుకి రెండు కట్టల బీడీలు. కుడిపక్క మనిషి డ్రిల్లరు. ఈయనకీ నలభై. ఈయన దైవభక్తుడు, పుట్టి బుద్ధెరిగాక బీడీ ముట్టలేదు. ఇద్దరివీ ఒకే రోజు, ఒకే మిషను మీద, పది నిమిషాల తేడాలో తీశాను. మచ్చలు ఎవరికి ఉన్నాయో మీరే వచ్చి చూడండి. చదవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.”

ఆ పెద్దమనిషి నిజంగానే లేచి వచ్చాడు. దగ్గరగా వంగి ఎడమది చూశాడు, కుడిది చూశాడు. మళ్ళీ ఎడమది చూశాడు.

“దీనికేం చెయ్యాలంటారు?” అన్నాడు, గొంతు తగ్గించి.

“డ్రిల్లు దిగే చోట నీళ్ళు వదలాలండీ. తడిసిన దుమ్ము పైకి లేవదు. మీ క్వారీ గుంటల్లో ఏడాది పొడుగునా నీళ్ళు నిలబడే ఉంటాయిగదా.”

అన్ని క్వారీలూ ఒక్కసారిగా మారిపోలేదు. ఆ వచ్చి చూసిన యజమానీ, ఇంకొకరూ డిసెంబరులో నీళ్ళ పైపులు వేయించారు. మిగతావాళ్ళకి ఏడాది తర్వాత గట్టి ఉత్తర్వు వస్తేగానీ కదలిక రాలేదు. కొందరు అప్పటికీ తనిఖీ రోజునే నీళ్ళు వదిలేవాళ్ళు. కానీ మేడిమిట్ట ఆసుపత్రిలో ఒక పద్ధతి ఖాయమైంది. దగ్గుతో ఎవరొచ్చినా చీటీ మీద ముందు రాసే ప్రశ్న, ‘ఏం పని, ఎన్నేళ్ళు?’ కళ్ళె పరీక్షలో క్రిమి లేకుండా రెండోసారి టీబీ మందులు రాయాలంటే పాత ఫిల్ము తెప్పించి చూడాల్సిందే. ఈ ఆర్డరు నరహరి గారే వేశారు. పరిశోధన వ్యాసం అచ్చయినప్పుడు రాసినవాళ్ళ పేర్లలో మూడోది రెబ్కాది. బుడాన్ పేరు కృతజ్ఞతల్లో వేశారు. అతను ఆ పేజీ జిరాక్సు తీయించి డార్క్‌రూమ్ తలుపుకి లోపలివైపు అంటించాడు, చీకట్లో ఎవరికీ కనపడదని తెలిసి కూడా.

మరుసటి ఏడాది మార్టూరు, బల్లికురవ వైపు ఆసుపత్రుల టెక్నీషియన్లు తొమ్మిది మందికి ఛాతీ ఫిల్ము తియ్యడం నేర్పమని రెబ్కాకే అప్పగించారు. వాళ్ళని ఒకరోజు క్వారీకి తీసుకెళ్ళింది. మీరు ఎవరి ఊపిరి బిగపట్టించబోతున్నారో వాళ్ళు పీల్చే గాలి ముందు చూడండి అని చెప్పింది.

క్వారీ అంచున నీళ్ళగుంట పక్కన రేకుల షెడ్డులో పంపు నడుస్తోంది. దాని దగ్గర స్టూలు మీద యలమందయ్య. డ్రిల్లు వదిలేశాక ఆ యజమాని అతన్ని ఈ పంపు మీద పెట్టాడు. ఆయాసం పోలేదు, మెట్టెక్కితే ఇప్పటికీ ఆగాల్సిందే. కానీ అంతకు ముందు వారం తీసిన ఫిల్ములో చుక్కలు పెరగలేదు. అతనికి ఆ మాట చెబుదామనే రెబ్కా వచ్చింది.

ఆమె దగ్గరికి వెళ్ళేసరికి కింద గుంటలో ఎవడో డ్రిల్లు మొదలుపెట్టాడు. తెల్లటి పొడి లేచింది. యలమందయ్య స్టూలు మీద నుంచి లేచి, అంచు దాకా నడిచి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని కేక పెట్టాడు.

“ఒరేయ్ సైదా! నీళ్ళు తిప్పకుండా డ్రిల్లు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు? తిప్పు ముందు!”

కింద కుళాయి తిరిగింది. పొడి అణిగింది. డ్రిల్లు చుట్టూ బూడిదరంగు నీళ్ళు కారుతూ రాయి తడిసి నల్లగా మెరిసింది. యలమందయ్య రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగి, దగ్గు తీరాక వెనక్కి తిరిగాడు. రెబ్కాని చూసి నవ్వాడు.

“రండమ్మా, కూచోండి,” అని స్టూలు ఆమె వైపు జరిపాడు. “వీళ్ళెవరు, కొత్తోళ్ళా?”

“ఫిల్ములు తీసేవాళ్ళే,” అంది రెబ్కా. “నీ దగ్గరికే తీసుకొచ్చాను. డ్రిల్లు పట్టినప్పుడు ఎట్టుండేదో నువ్వే చెప్పు వీళ్ళకి.”

యలమందయ్య తొమ్మిది మందినీ ఒకసారి చూశాడు. పంపు కొంచెం తగ్గించి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాడు.